బడ్జెట్‌ను అందరికీ అర్థమయ్యేలా చేద్దామంటే: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కాలనీ సంఘాల్లో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, డ్వాక్రా గ్రూపుల్లో బడ్జెట్ కాగితాలు ముందేసుకుని కూర్చున్న ప్రతిసారీ ఇవే సందేహాలు వస్తున్నాయి. బడ్జెట్‌ను తేలిక మాటల్లో చిన్న పుస్తకంగా, అంటే పౌర బడ్జెట్‌గా, రాసి పంచాలనుకునేవాళ్ల కోసం అన్నీ ఒకచోట రాసిపెట్టాం. ఎక్కడి నుంచైనా చదవొచ్చు. "అనుకుందాం" అని రాసిన చోట అంకెలు లెక్క చూపించడానికి వేసినవే, నిజమైన కేటాయింపులు కావు.

## దిగే ముందు

బడ్జెట్ చూసుకోవడం అధికారుల పని, ఆడిటర్ల పని. మధ్యలో మనకెందుకండీ?

2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ (ఆస్తి ఖరీదు) మీద లెక్కగడుతున్నారు. అప్పుడు విశాఖలో ధర్నాలు జరిగాయి. అదే ఏడాది చెత్త రుసుము మొదలైంది, దాని మీదా గొడవ నడిచింది, 2024లో దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఈ రెండింటిలోనూ మన ఇంటికి ఎంత పడుతుందో వీధి వీధినా తెలుసు. నగరమంతా చెత్త ఎత్తడానికి ఏడాదికి ఎంతవుతుంది, అందులో మనం కట్టేది ఎంత, మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడిగితే మాత్రం చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆ అంకెల కోసం చూడాల్సింది బడ్జెట్ పుస్తకంలోనే. రుసుము వద్దనేవాళ్లకైనా, ఉండాలనేవాళ్లకైనా ఆ లెక్క చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది. ఆడిటర్ వచ్చేది డబ్బు ఖర్చయిపోయాక. మనం మాట్లాడాల్సింది అంతకు ముందు.

పౌర బడ్జెట్ అంటే జనం సొంతంగా వేరే బడ్జెట్ వేస్తారా?

లేదు. ప్రభుత్వం వేసిన బడ్జెట్‌నే మామూలు మనిషి చదివి అర్థం చేసుకునేలా చిన్నగా రాసిన పుస్తకం అది. దేశాల బడ్జెట్లు ఎంత పారదర్శకంగా ఉన్నాయో చూసే అంతర్జాతీయ సర్వే ఒకటి ఉంది. ప్రతి ప్రభుత్వమూ బయటపెట్టాల్సిన 8 పత్రాల్లో పౌర బడ్జెట్‌ను కూడా అది ఒకటిగా లెక్కేస్తుంది.

దీన్ని, ఏ పనికి డబ్బు పెట్టాలో జనమే చెప్పే పద్ధతినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఆ రెండోదాన్ని బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో మొదలుపెట్టింది. మన దేశంలో పుణె కార్పొరేషన్ 2006లో అలాంటి దారి పట్టింది. మా ఉద్దేశంలో చదవడం ముందు, సూచనలు తర్వాత. పద్దులో ఎంత ఉందో తెలియకుండా ఇచ్చే సూచన కోరికల చిట్టాగా మిగిలిపోతుంది.

మా సమస్యకు జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) బడ్జెట్ చూడాలా, రాష్ట్ర బడ్జెట్ చూడాలా?

ఆ పనికి బిల్లు ఎవరు కడుతున్నారో ముందు కనుక్కోండి. వీధి దీపాలు, మురుగు కాల్వలు, చెత్త, కుళాయి నీళ్లు, కాలనీ రోడ్లు జీవీఎంసీవి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి)లో మందులు, డాక్టర్ల జీతాలు రాష్ట్ర వైద్యారోగ్య శాఖ పద్దులో ఉంటాయి. కైలాసగిరి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ)ది, దాని బడ్జెట్ వేరు. జాతీయ రహదారి కేంద్రానిది. పోర్టు లోపలి రోడ్ల సంగతి పోర్టు చూసుకుంటుంది. సింహాచలం కొండ మీద సౌకర్యాలకు దేవస్థానం సొంత ఆదాయం ఉంది. ఊళ్లో తిరిగే జనానికి ఇదంతా ఒకటే నగరం, కాగితాల్లో మాత్రం అరడజను ఖజానాలు.

అన్నింటికన్నా చిక్కు స్మార్ట్ సిటీ పనులతో వచ్చింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల జాబితాలోనే విశాఖ ఉంది. ఆ పనుల కోసం వేరే కంపెనీ పెట్టారు కాబట్టి వాటి లెక్కలన్నీ కార్పొరేషన్ బడ్జెట్ పుస్తకంలో కనిపించవు. ఎదురుగా పార్కు ఉంది, పుస్తకంలో లేదేంటి అని కంగారు పడే ముందు, ఆ పార్కు దగ్గరి శిలాఫలకం మీద ఏ సంస్థ పేరుందో చదవండి.

నాకు లెక్కలు రావు, బీకాం కూడా చదవలేదు. పనికొస్తానా?

మీలాంటివాళ్లు లేకపోతే ఈ పని సాగదు. అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఎక్కడ అర్థం కాదో వాళ్లకే తెలీదు. అది మీరే చెప్పాలి. గ్రూపులో లెక్కలు తెలిసినవాళ్లు ఒకరిద్దరు చాలు.

## కాగితాలు సంపాదించేటప్పుడు

బడ్జెట్ పుస్తకం అసలు ఎక్కడ దొరుకుతుంది?

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మంత్రి ప్రసంగం కూడా అక్కడే ఉంటుంది. అయితే ప్రసంగం చదివి ఆగిపోవద్దు, అందులో చెప్పదలుచుకున్నవే ఉంటాయి. శాఖలవారీ పద్దుల పుస్తకాలు దించుకోండి, అసలు సరుకు వాటిలో ఉంది. జీవీఎంసీ బడ్జెట్ అయితే కౌన్సిల్ సమావేశం కోసం కార్పొరేటర్లకు కాపీ ఇస్తారు. మీ వార్డు కార్పొరేటర్‌ను అడిగి జిరాక్స్ తీయించుకోవడం అన్నింటికన్నా దగ్గర దారి. ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన బడ్జెట్‌ను, ప్రతిపాదిత ఖర్చులను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని ఆ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది.

సమాచార హక్కు దరఖాస్తు పెడితే "సమాచారం లేదు" అని రాసి పంపేశారు. ఎలా అడగాలి?

ఎక్కువసార్లు లోపం ప్రశ్నలో ఉంటుంది. "మా వీధికి ఎందుకు రోడ్డు వేయలేదు?" అని అడిగితే జవాబు రాదు. "ఎందుకు" అన్నదానికి ఫైల్లో కాగితం ఉండదు. ఉన్న కాగితం నకలు అడగండి. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: "ఫలానా వార్డులో ఫలానా ఆర్థిక సంవత్సరంలో మంజూరైన ఇంజినీరింగ్ పనుల జాబితా. ఒక్కో పనికి అంచనా విలువ, అగ్రిమెంట్ విలువ, ఇప్పటిదాకా చెల్లించిన మొత్తం, ఏ పద్దు నుంచి చెల్లించారు అన్న వివరాలున్న రిజిస్టరు పేజీల నకళ్లు."

దరఖాస్తు రుసుము మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం జతచేస్తే ఏమీ కట్టక్కర్లేదు. మామూలు సైజు కాగితం నకలుకు పేజీకి 2 రూపాయలు తీసుకుంటారు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా అదే కార్యాలయంలోని పై అధికారికి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు పెట్టాలి. అదీ కుదరకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

చాలామంది వాడుకోని హక్కు ఇంకొకటుంది. నకళ్లు అడిగే బదులు, ఫైళ్లు చూసుకుంటామని దరఖాస్తు పెట్టొచ్చు. మొదటి గంటకు రుసుము లేదు. వందల పేజీలకు డబ్బు కట్టేకన్నా వెళ్లి కూర్చుని, కావాల్సిన నాలుగు పేజీలు గుర్తుపెట్టుకుని వాటికే కట్టడం మేలు.

నా పేరుతో దరఖాస్తు పెడితే తర్వాత ఇబ్బంది పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. దరఖాస్తు పౌరుల పేరుతోనే పెట్టాలి కానీ, సమాచారం ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. కాలనీలో నలుగురైదుగురు తలా ఒక దరఖాస్తు పంచుకుని పెడితే ఏ ఒక్కరి మీదా భారం పడదు. మాట తీరు కూడా చూసుకోండి. ఆరోపణల్లేకుండా, కాగితాలే అడిగే దరఖాస్తుకు గుమాస్తాలు కూడా తొందరగా జవాబు రాస్తారు.

## చదివేటప్పుడు

ఒకే పద్దుకు ఎదురుగా నాలుగు అంకెలున్నాయి. అసలుది ఏది?

ఈ ఒక్కటి పట్టుబడితే సగం బడ్జెట్ వచ్చినట్టే. 2025-26 బడ్జెట్ పుస్తకం తీశారనుకోండి. మొదటి గడిలో 2023-24లో నిజంగా జరిగిన ఖర్చు ఉంటుంది. రెండో గడిలో 2024-25కు ముందుగా వేసుకున్న అంచనా, మూడో గడిలో అదే ఏడాదికి సవరించిన అంచనా, నాలుగో గడిలో 2025-26కు కొత్త అంచనా. పేపర్లో వచ్చేది నాలుగోది. మనం దాన్ని మిగతా మూడింటితో పోల్చి చదవాలి.

మురుగు కాల్వలకు రెండేళ్ల కింద నిజంగా ఖర్చయింది 3.5 కోట్లు అనుకుందాం. నిరుడు 10 కోట్లు అంచనా వేశారు, ఏడాది చివర్లో దాన్ని 4 కోట్లకు సవరించారు, ఈసారి 12 కోట్లు పెట్టారు. సవరించిన అంకెతో పోల్చి ఒకరు "మూడు రెట్లు పెంచాం" అంటారు. నిరుటి అంచనాతో పోల్చి ఇంకొకరు "20 శాతమే పెంచారు" అంటారు. ఇద్దరి అంకెలూ తప్పు కాదు. అసలు అడగాల్సింది వేరే: నిరుడు 10 కోట్లలో 6 కోట్లు ఎందుకు ఖర్చు కాలేదు? టెండర్లకు ఎవరూ రాలేదా, డబ్బు వేరే పద్దుకు మళ్లిందా, వర్షాల వల్ల పని ఆగిందా? కారణం తెలియకుండా 12 కోట్లు చూసి సంబరపడితే, వచ్చే ఏడాది సవరించిన అంచనాలో మళ్లీ నాలుగే కనిపించొచ్చు.

పేజీ పైన మూలలో "లక్షల్లో" అనో "వేలల్లో" అనో చిన్న అక్షరాలతో ఉంటుంది. అది చూడకుండా అంకె రాసుకుంటే వంద రెట్లు తేడా వచ్చేస్తుంది.

రెవెన్యూ ఖర్చు, మూలధన ఖర్చు అంటారే, ఆ రెండింటికీ తేడా ఏంటి?

ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద 2018లో సౌర ఫలకాలు తేలేలా పెట్టారు. అలా కొత్తగా ఆస్తి పెట్టడానికి అయ్యేది మూలధన ఖర్చు. వాటిని శుభ్రం చేయడానికి, కాపలాకు, మరమ్మతులకు ఏటా అయ్యేది రెవెన్యూ ఖర్చు. శంకుస్థాపన ఫొటోలన్నీ మొదటిదానికే వస్తాయి. కట్టిన మరుగుదొడ్డికి రెండేళ్ల తర్వాత తాళం ఎందుకు పడిందో తెలియాలంటే మాత్రం రెండో పద్దు చూడాలి.

2210, 2217, 4217 అని నంబర్లున్నాయి. ఇవేంటి?

రాష్ట్ర, కేంద్ర పుస్తకాల్లో ప్రతి ఖర్చుకూ పద్దు నంబరు ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు పెద్ద పద్దువి: 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, ప్రజారోగ్యం, 2217 పట్టణాభివృద్ధి. మొదటి అంకె చూస్తే డబ్బు స్వభావం తెలిసిపోతుంది. 0 లేదా 1 అయితే రాబడి, 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే మూలధన ఖర్చు, 6 లేదా 7 అయితే అప్పుల లెక్క. అందుకే 2217, 4217 రెండూ పట్టణాభివృద్ధే అయినా ఒకటి నిర్వహణ, ఇంకోటి నిర్మాణం. మున్సిపల్ లెక్కలకు ఖాతా కోడ్‌లు వేరుగా ఉంటాయి, వాటిని ఈ నంబర్లతో కలపొద్దు.

ఏటా ముగింపు నిల్వ చూపిస్తారు, కాంట్రాక్టర్లేమో బిల్లులు రాలేదంటారు. ఇదెలా?

మంచి ప్రశ్న. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ముగింపు నిల్వ అంటే ఏడాది చివర ఖాతాల్లో ఎంత ఉంటుందన్న అంచనా. చెల్లించకుండా ఉన్న బిల్లును అందులోంచి తీసేయరు, చెల్లించిన రోజునే అది ఖర్చుగా కనిపిస్తుంది. పైగా ఖాతాలో ఉన్న డబ్బంతా స్వేచ్ఛగా వాడుకునేది కాదు. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చిన గ్రాంటునే తీసుకోండి, మన రాష్ట్రంలో విశాఖ, విజయవాడలకు అది వర్తించింది. దాన్ని గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి వాటికే వాడాలి. కమ్యూనిటీ హాలు కట్టిన కాంట్రాక్టరుకు అందులోంచి ఇవ్వలేరు.

రాబడి వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. 2018లో జీవీఎంసీ మున్సిపల్ బాండ్లతో 80 కోట్లు సేకరించింది. అలాంటి డబ్బు వచ్చిన ఏడాది రాబడి పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ అది వడ్డీతో తీర్చాల్సిన బాకీ. సొంత పన్నులు, గ్రాంట్లు, అప్పులు అని మూడు ముక్కలుగా విడదీసి చూపిస్తే చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

కార్పొరేటర్లు లేని కాలంలో బడ్జెట్ ఎవరు ఆమోదించారు?

ప్రత్యేకాధికారి. విశాఖలో 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలయ్యాయి. పాత ఏళ్ల అంకెలతో పోల్చేటప్పుడు, ఆ కాలంలో సభలో చర్చ లేకుండానే కేటాయింపులు జరిగాయని గుర్తుంచుకోండి.

## తేలిగ్గా రాసేటప్పుడు

మీటింగ్ పెడితే ఎవరూ రారు. జనాన్ని ఎలా కలుపుకోవాలి?

బడ్జెట్ మీటింగ్ అని పిలిస్తే మేమైనా రాం. జనం ఇప్పటికే కూర్చునే చోటికి మీరు వెళ్లండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న పొదుపు సంఘాలు అందుకు మంచి చోటు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరు వాయిదా తప్పారు అని వాళ్లు నెలనెలా పుస్తకం రాస్తారు. నిల్వ, బకాయి, రాబడి అన్న మాటలు వాళ్లకు కొత్త కావు. అపార్ట్‌మెంట్ సంఘాల్లో మెయింటెనెన్స్ లెక్క చూసే పెద్దమనిషి ఎవరో ఒకరుంటారు. జాలరిపేట మీటింగుకు బోట్లు ఒడ్డునున్న వేళ చూసుకుని వెళ్లాలి. వేట నిషేధం రోజులు ఇంకా మంచివి.

అక్కడ ఉపన్యాసం వద్దు. మీరు రాసిన చిత్తుప్రతిలో ఒక పేజీ గట్టిగా చదవండి, అర్థం కాని చోట చెయ్యెత్తి ఆపమనండి. ఆపిన ప్రతి చోటా గీత గీసుకోండి. చేతులు ఎక్కువ లేచిన వాక్యాన్ని వివరించకండి, తిరగరాయండి. ఎదుట కూర్చుని వివరిస్తే అందరికీ అర్థమవుతుంది, కానీ పుస్తకం చదివేవాడి పక్కన మీరుండరు. ఏ పద్దు దగ్గర జనం కదిలారో, ఏది విని ఆవులించారో అది కూడా రాసుకోండి. పుస్తకంలో ముందు ఏముండాలో అదే చెబుతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి పెద్ద ఎత్తున నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఊరి మధ్యలో మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదువుతుంటే "ఆ రోజు నేను పనికే వెళ్లలేదే" అని లేచి చెప్పగలిగింది చదువురాని కూలీలే. పట్నంలో వార్డు పనుల జాబితాను అలా చదివి వినిపించడానికి అడ్డేమీ లేదు, అలవాటు లేదంతే.

పుస్తకం ఎంత ఉండాలి? బొమ్మలు వేయాలా?

నాలుగు పేజీలు దాటితే ఇంట్లో ఫ్రిజ్ మీదికి చేరి అక్కడే ఉండిపోతుంది. అంకెల్ని కుదించండి. 2024-25 రాష్ట్ర బడ్జెట్ 2,94,427 కోట్లు అని రాసేకన్నా 2.94 లక్షల కోట్లు అంటే చాలు. పద్నాలుగు రంగుల గుండ్రటి చార్టు మాత్రం దయచేసి వద్దు, చూడ్డానికి బాగుంటుంది తప్ప ఏ ముక్క ఎంతో ఎవరికీ తెలీదు. పక్కపక్కనే రెండు కడ్డీలు గీసి, ఒకటి అంచనా, ఇంకోటి నిజంగా అయిన ఖర్చు అని రాయండి.

తలసరి లెక్క బాగా అతుకుతుంది. దోమల నివారణకు 17 కోట్లు పెట్టారనుకుందాం. 2011 జనాభా లెక్కల్లో నగరం 17 లక్షల పైచిలుకు కాబట్టి మనిషికి ఏడాదికి సుమారు 100 రూపాయలు. అయితే ఆ జనాభా పాతది, నగరం పెరిగింది, హద్దులూ మారాయి, నిజానికి తలకు ఇంకా తక్కువే పడుతుంది. ఆ మాట కూడా పక్కనే రాయాలి.

ఆఫీసు మాటలు తీసేసి పూర్తిగా మన మాటల్లో రాసేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆఫీసు మాటను ఒకసారి అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో విడమరచండి. "సవరించిన అంచనా" అన్న మాట తెలియకుండా కౌంటర్ దగ్గరికి వెళ్తే ఏ కాగితం అడగాలో తెలీదు.

## పంచేటప్పుడు, ఆ తర్వాత

మార్చిలో బడ్జెట్ వచ్చాక మొదలుపెడితే చాలదా?

చదవడానికి చాలు, మార్చడానికి చాలదు. కార్పొరేషన్‌లో కమిషనర్ అంచనాలు తయారుచేస్తారు, అవి స్టాండింగ్ కమిటీకి వెళ్తాయి, ఆ తర్వాతే కౌన్సిల్ ముందుకు వస్తాయి. అక్కడికొచ్చేసరికి అంకెలు దాదాపు గట్టిపడిపోయి ఉంటాయి. కాబట్టి వర్షాకాలం పోతూనే, విభాగాలు ప్రతిపాదనలు రాసుకునే రోజుల్లోనే మీ వార్డు కాగితం వాళ్ల టేబుల్ మీద ఉండాలి. ఎన్నికల ఏడాదిలో ఈ క్యాలెండర్ తప్పుతుంది. 2024లో రాష్ట్రానికి ముందు తాత్కాలికంగా ఓట్ ఆన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే అనుమతి) నడిచింది, పూర్తి బడ్జెట్ నవంబర్ 11న వచ్చింది.

మా పుస్తకాన్ని ఒక పార్టీ వాళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఏం చేయాలి?

తిరగనివ్వండి. రెండో పార్టీ ఆఫీసుకు కూడా మీరే కాపీలు పంపండి. ప్రతి అంకె కింద ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ తేదీన తీసుకున్నది అని చిన్న అక్షరాలతో ఉంటే, వాళ్లు మార్చి చెప్పినా జనం సరిచూసుకోగలరు. ఎక్కడైనా తప్పు దొర్లితే తర్వాతి కాపీలో మొదటి పేజీ మీదే సవరణ వేయండి, లోపల దాచొద్దు.

కేటాయించారు సరే, మా వీధిలో నిజంగా పని జరిగిందో లేదో ఎలా తేల్చాలి?

పనుల జాబితా చేతిలో పట్టుకుని నడవండి. అంచనా విలువకూ, అగ్రిమెంట్ విలువకూ తేడా ఉంటే తప్పు జరిగిందని తీర్మానించకండి, కాంట్రాక్టర్ లెస్‌కు, అంటే అంచనా కన్నా తక్కువకు, టెండర్ వేసి ఉండొచ్చు. మరీ ఎక్కువ లెస్‌కు పోయిన పనుల్లో మాత్రం నాణ్యత మీద కన్నేయండి. బిల్లు చెల్లించడానికి ఆధారం ఇంజినీర్ రాసే కొలతల పుస్తకం, అందరూ ఎం-బుక్ అంటారు. కాల్వ పొడవు, వెడల్పు, లోతు అందులో ఉంటాయి. ఆ పేజీల నకలు తీసుకుని, టేపు పట్టుకుని ఇద్దరు వెళ్లి కొలవండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని కూడా రమ్మని అడగండి, చాలాసార్లు అక్కడే విషయం తేలిపోతుంది. అప్పటికీ తేడా మిగిలితే ఎం-బుక్ నకలు, మీ కొలతలు, ఫొటోలు కలిపి సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, అర్జీ నంబరు రాయించుకుని రండి.